ముందు తాను తాగి ఇచ్చేవాడు

గిద్దలూరు బస్టాండు గేటు పక్కన ఫ్లెక్సీ కట్టిన రోజు ఉదయం నేను ఎప్పటిలాగే పేపరు కోసం వెళ్లాను. నిలువెత్తు బొమ్మ. చేతిలో స్టీలు గ్లాసు, మొహం నిండా నవ్వు. వెనకాల ఒక జలపాతం కూడా పెట్టారు, ఈ చుట్టుపక్కల ఎవరూ ఎన్నడూ చూడని జలపాతం. కింద 'దాహం తీర్చిన ధర్మాత్మునికి కన్నీటి వీడ్కోలు' అని పెద్ద అక్షరాలు. నేను రెండుసార్లు చదివాను. పేపరు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం బస్టాండులో టీకొట్టు నడిపే మస్తాను మా ఇంటికి వచ్చాడు. వెంట ఆటోవాళ్లు ఇద్దరు. వాళ్లు వాకిట్లోనే నిలబడ్డారు.

"సారూ, ఆదివారం పొద్దున సంతాప సభ పెట్టుకున్నాము. మీరు రెండు మాటలు మాట్లాడాల" అన్నాడు మస్తాను.

"అతని గురించి నేను మాట్లాడేవి మీకు పనికిరావు."

"అట్లంటే ఎట్ల సార్? ఇంకోటి గూడా ఉంది. కొమరోలు కాడి నుంచి ఓబులమ్మను మీరే పిలుచుకొని రావాల. మేం పిలిస్తే రాదు. ఆమె వచ్చి పటానికి ఒక దండ వేసిందంటే అంతా చల్లబడిపోతాది."

"ఎవరికి చల్లబడుతుంది మస్తానూ?"

అతను తల గోక్కున్నాడు. "అదే సార్... అందరికీ."

ఓబులమ్మ కూతురు నాగమణి. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న మనిషి నీళ్లలో పురుగుల మందు కలిపి ప్రాణం తీసిన ముగ్గురు ఆడవాళ్లలో అందరికంటే చిన్నది ఆ పిల్ల.

అతని పేరు నేను రాయను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాది. అందులో కూడా అతను 'అతను'గానే ఉన్నాడు. పేరు పెట్టి తలుచుకోవడం ఒక మర్యాద. చనిపోయిన ముగ్గురికీ ఆ మర్యాద ఇచ్చాను.

జైలు నుంచి అతన్ని సత్ప్రవర్తన అని గడువుకు ముందే వదిలారు. సొంత ఊరు రానివ్వలేదు. బస్టాండు వెనక ఒక రేకుల గదిలో చేరాడు. నేను రిటైరైన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలంలో బస్టాండు ఆవరణలో నాలుగు వాసాలు పాతి, పైన పాత ఫ్లెక్సీలు కప్పి చలివేంద్రం పెట్టాడు. ఇసుక పోసి, దాని మీద కుండలు వరసగా నిలిపి, చుట్టూ తడి గోనెలు చుట్టేవాడు. నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. నీళ్లలో వట్టివేళ్లు వేసేవాడు. ఆ నీళ్లు చల్లగా, మంచి వాసనతో ఉండేవని తాగినవాళ్లు చెప్పగా విన్నాను. నేను తాగలేదు.

అతను నీళ్లిచ్చే తీరు ఒకటి ఉండేది. ముంతతో కుండలో ముంచేవాడు. ముందు తన కుడి అరచేతిలో కొంచెం పోసుకుని, మీ కళ్లలోకి చూస్తూ తాగేవాడు. గొంతు కదలడం మీకు కనబడాలి. ఆ తర్వాతే మీ గ్లాసులో పోసేవాడు. ప్రతి మనిషికీ అంతే. బస్సు కదిలిపోతుందని తొందరపడేవాళ్లకు కూడా అంతే. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు.

"ఏంది తాతా, నీ ఎంగిలి మాకు పోస్తాండావా?"

"ఎంగిలి గాదు నాయనా. చేతిలో పోసుకొని తాగినా. మంచి నీళ్లే, తాగు."

"మంచి నీళ్లని నీకు అనుమానం ఉండాదా ఏంది?"

దానికి అతను నవ్వేవాడు. ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ నవ్వే.

విషయం తెలిసినవాళ్లు మాత్రం ఆ గుక్కను చూసి కరిగిపోయేవాళ్లు. "చూడండి సార్, ఎంత కుమిలిపోతాండాడో" అనేవాడు మస్తాను. పశ్చాత్తాపం అనే మాట టీకొట్టు బల్ల మీద మొదటిసారి అప్పుడే విన్నాను. కనిగిరి బస్సులో వచ్చినవాళ్లు తాగేవాళ్లు, యర్రగొండపాలెం బస్సులో వచ్చినవాళ్లు తాగేవాళ్లు. కొమరోలు బస్సు దిగినవాళ్లు మాత్రం తాగేవాళ్లు కాదు. తల తిప్పుకుని, అవతల కూల్‌డ్రింకుల అంగడికి పోయేవాళ్లు. బస్టాండులో అంత జాగా ఉండగా, సరిగ్గా కొమరోలు బస్సు ఆగే చోటికి ఎదురుగా అతను పందిరి ఎందుకు వేశాడో నాకు అర్థం కాలేదు. అర్థమైనప్పుడు ఇంకా కోపం వచ్చింది. వాళ్లు వచ్చి తాగాలి. ఆ ఊరివాళ్లు తన చేతి నీళ్లు తాగాలి. అదీ అతని దాహం.

ఆ గుక్క సంగతి చెప్పాలంటే జరిగింది చెప్పాలి.

అప్పుడు నేను ఈ బస్టాండులోనే కంట్రోలరుగా పనిచేస్తున్నాను. కొమరోలు దిక్కు పల్లెలో అతనికి మూడెకరాల మెట్ట, ఒక బోరు. పక్క చేను ఆసామి తన గట్టు వారనే లోతుగా బోరు వేయించాడు. ఇతని బోరు ఎండిపోయింది. తగాదాలు పడ్డారు, పెద్దమనుషులు చెప్పారు, తెగలేదు. ఒక రోజు తెల్లవారే ముందు ఇతను పక్క చేనులోని సిమెంటు తొట్టిలో పురుగుల మందు పోశాడు. ఆ తొట్టిలో ఆసామి గేదెలు నీళ్లు తాగుతాయి.

ఆ చేనులో మిరపకాయలు కోయడానికి ఆడకూలీలు వచ్చారు. మోటరు ఆడేటప్పుడు మా వైపు కూలీలు పైపు దగ్గర దోసిలి పట్టి తాగుతారు. మోటరు లేనప్పుడు తొట్టిలో పైపైన చేత్తో నెట్టి ముంచుకుంటారు. చేలకు కరెంటు ఒక వారం పొద్దున ఇస్తే ఇంకో వారం మధ్యాహ్నం పైన ఇస్తారు. ఆ వారం మధ్యాహ్నం వంతు. కరెంటు లేదు. దాహమైనవాళ్లు తొట్టిలో ముంచుకున్నారు. వాసన రాలేదా అని కోర్టులో వకీలు అడిగాడు. మిరప చేలో మందు వాసన లేనిది ఎప్పుడు?

వాళ్లను రోడ్డు మీదికి మోసుకొచ్చి, వస్తున్న బస్సును ఆపి ఎక్కించారు. డ్రైవరు ఎక్కడా ఆపకుండా బస్టాండుకు తెచ్చాడు. ఆస్పత్రి సందులోకి బస్సు పోదు. నేను ఆటోలు పిలిచాను. మొదటి ఆటోలో పెద్దవాళ్లిద్దరినీ ఎక్కించాము. రెండో ఆటో వచ్చేలోపు నాగమణిని నా గదిలో బెంచీ మీద పడుకోబెట్టారు. కూలికి వెంట వచ్చిన వాళ్లమ్మ ఓబులమ్మ పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

గదిలో మూలన మా కుండ ఉండేది. ఆ పిల్ల కళ్లు కుండ మీదే ఉన్నాయి. పెదాలు ఎండి అతుక్కుపోయాయి. నేను గ్లాసు నిండా ముంచి నోటి దగ్గర పెట్టాను. ఆ పిల్ల పళ్లు బిగబట్టింది.

"వొద్దు సార్. నీళ్లొద్దు."

"ఇవి మా నీళ్లమ్మా, మంచివి. చూడు, నేను తాగుతున్నాను" అని నేను ఒక గుక్క తాగి చూపాను. గొంతు కదలడం కనబడేలా, ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ తాగాను.

అయినా నోరు తెరవలేదు. కుండ వైపు చూస్తూనే ఉంది. ఆటో వచ్చింది. సందు దాటకముందే ప్రాణం పోయింది.

ఇదంతా సాక్షిగా నేను కోర్టులో చెప్పాను. ఒక గుక్క తాగి చూపాను అని చెప్పినప్పుడు బోనులో నిలబడి అతను విన్నాడు. తల వంచుకుని కాదు, నా వైపు చూస్తూనే విన్నాడు. ఏళ్ల తర్వాత చలివేంద్రంలో అతను అరచేతిలో పోసుకుని, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ మొదటిసారి తాగినప్పుడు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ గుక్క నాది. నాది కూడా కాదు, ఆ పిల్లది. ఆ పిల్లకు పనికిరాని గుక్కను అతను తీసుకుపోయి, బస్టాండులో మంచి పేరు తెచ్చుకోవడానికి వాడుకుంటున్నాడు.

మస్తానుకు ఇది చెప్పాను. అతను టీ వడపోస్తూ, "ఏమో సార్, నేర్చుకున్నాడేమో మీ కాడ" అన్నాడు. మంచివాడు మస్తాను. మంచివాళ్లతో వాదించడం కష్టం.

అతను రోజూ నా దగ్గరకు గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. నేను టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని పేపరు చదువుతుంటే, ఎదురుగా నిలబడి అరచేతిలో పోసుకుని తాగి, గ్లాసు చాపేవాడు.

"అన్నా, ఒక్క గుక్క."

నేను నా సంచిలోంచి నా సీసా తీసి తాగేవాణ్ని. అతను గ్లాసులోని నీళ్లు కుండల కింద ఇసుకలో పోసి వెళ్లిపోయేవాడు. మళ్లీ మరునాడు అదే. విసుగు లేదు, కోపం లేదు. ఆ ఓర్పు చూసి జనం నన్నే రాయి అన్నారు.

"పెద్దోళ్లు మీరు, క్షమించాల సార్" అన్నాడు ఒక ఆటో అతను.

"నాకేం చేశాడని నేను క్షమించాలి? నా బిడ్డ పోలేదు. వేరేవాళ్ల వాకిలి తలుపు నేనెట్లా తీస్తాను?" అన్నాను.

అతనికి ఒక మాట ఊతపదంలా ఉండేది. ఎవరు పాత సంగతి ఎత్తినా, "గొడ్ల కోసం పోసినా నాయనా, మనుషుల కోసం గాదు. ఆ పొద్దు కరెంటు లేకపాయ" అనేవాడు. నిట్టూర్చి, చేతులు తుడుచుకుని, 'కరెంటు లేకపాయ' అని మళ్లీ అనేవాడు. వినగా వినగా నాకు, ముగ్గురినీ కరెంటే చంపినట్టూ, ఇతను పక్కన నిలబడి చూసినట్టూ అనిపించేది. గేదెలను చంపబోవడం చిన్న విషయంలాగా అందరూ తల ఊపేవాళ్లు.

ఒక రోజు ఉండబట్టలేక అడిగాను. కోర్టులో రోజుల తరబడి కూర్చుని విన్నవాణ్ని, సంగతులు వరసగా గుర్తుంటాయి.

"నీ మోటరూ, పక్క ఆసామి మోటరూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు మీద కదా?"

"అవునన్నా."

"నీ బోరు ఎండిపోయినాక కూడా, కరెంటు వచ్చినప్పుడల్లా పోయి స్విచ్చి వేసి చూసేవాడివని నీ వకీలే చెప్పాడు."

"ఆశన్నా. నీళ్లు పడతాయేమోనని."

"అయితే ఆ వారం కరెంటు మధ్యాహ్నం అని, అప్పటిదాకా కూలీలు తొట్టిలోనే ముంచుకుంటారని నీకు తెలియదా?"

అతను గ్లాసును చూశాడు. కుళాయి దగ్గరకు పోయి దాన్ని కడిగాడు. మళ్లీ కడిగాడు. తిరిగి రాలేదు. ఆ తర్వాత నా ముందు కరెంటు మాట ఎత్తలేదు. ఇతరుల ముందు మాత్రం మానలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో అతను కుండల పక్కన పడిపోయాడు. మస్తాను అంబులెన్సుకు ఫోను చేస్తున్నాడు. దగ్గర్లో ఉన్నది నేనే. వెళ్లి తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లు కాలిపోతోంది. నా సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టాను.

అతను తాగలేదు. సీసా వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. పళ్లు బిగబట్టాడు.

భయపడ్డాడు. నా చేతి నీళ్లకు. రోజూ తన నీళ్లు కాదన్న మనిషి తనకు ఏం పోస్తున్నాడోనని భయపడ్డాడు. నాకు ఒళ్లంతా మంట పుట్టింది. సీసా పక్కన పెట్టి లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లలేదు. అతని కళ్లలోకి చూస్తూ ఒక గుక్క తాగి చూపాను.

నోరు తెరిచాడు. సీసా అంతా తాగాడు.

నా దయ అంతవరకే. దాహంతో ఉన్న ఏ ప్రాణికైనా అంతవరకూ చేస్తాను. దానికి మించి నా దగ్గర అతనికి ఏమీ లేదు, ఉండనివ్వను కూడా.

ఆస్పత్రి నుంచి వచ్చాక అతను నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతిలో గ్లాసు లేదు.

"ఎరికే అన్నా" అన్నాడు.

"ఏది?"

"కరెంటు మధ్యానం అని. ఎరికే."

నేను పేపరు మడిచాను. "ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది. అదిగో కొమరోలు బస్సు. ఎక్కి పోయి ఓబులమ్మకు చెప్పు."

అతను బస్సు వైపు చూశాడు. "రేపు పోతానన్నా."

మరునాడు బస్సు వచ్చింది, పోయింది. అతను కనిగిరి ప్రయాణికులకు నీళ్లు పోస్తున్నాడు. అరచేతిలో పోసుకుని, కళ్లలోకి చూసి, తాగి. ఆ తర్వాత రోజూ అంతే. ఎదురుగా బస్సు ఆగేది, కదిలేది. చచ్చేదాకా ఎక్కలేదు. ఊరందరికీ నీళ్లు పోసిన చేతికి, ఒక్క మనిషికి చెప్పాల్సిన మాట చెప్పడానికి బస్సు కమ్మీ పట్టుకోవడం చేతకాలేదు.

మస్తాను వాళ్లు వచ్చి వెళ్లిన మరునాడు నేనే ఆ బస్సు ఎక్కాను.

ఓబులమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"రా అన్నా. ఆయప్ప పోయినాడంట గదా."

"పోయాడు. సభ పెడుతున్నారు. నువ్వు వచ్చి పటానికి దండ వేయాలట."

ఆమె నవ్వింది. "నేనా? బాగుంది. మెడకు తాడు వేసేదుంటే వస్తును."

నేను అరుగు చివర కూర్చున్నాను. ఆమే అడిగింది. "పోయేముందు ఏమన్నా అన్న్యాడా?"

చెప్పాలా వద్దా అని బస్సులో దారంతా అనుకున్నదే. పొరపాటున జరిగింది, గొడ్ల కోసం చేసింది అని ఆమెకు అందరూ చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆమె బతుకుతోందేమో, దాన్ని నేను లాగేస్తానేమో అని నా భయం. కానీ అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేను.

"కరెంటు మధ్యాహ్నం అని తనకు తెలుసు అన్నాడు."

ఓబులమ్మ నా వైపు వింతగా చూసింది. "తెలుసు అన్న్యాడా? తెలియకేం అన్నా? మాకు చెప్పిందే ఆయప్ప."

"ఏమిటి?"

"ఆ పొద్దు మేం ఆయప్ప చేను గట్టెంబడే పోయినాము. గట్టు మీద కూచొని ఉండ్య. నా బిడ్డే అడిగింది, మామా, కరెంటు ఎప్పుడొస్తాది అని. మధ్యానం పైన వస్తాది పాపా అన్న్యాడు. అప్పటికే మందు పోసి ఉండాడు. నీళ్లు తాగొద్దు పాపా అని ఇంకొక్క మాట నోట్లో నుంచి రాలే."

"కోర్టులో ఈ మాట చెప్పలేదే అమ్మా నువ్వు?"

"నన్నెవరు అడిగినారన్నా? ఎవురు తాగినారు, ఎన్ని తాగినారు, ఎప్పుడు పడిపోయినారు అని అడిగినారు. అడిగిందానికే చెప్పు అన్న్యారు. చెప్పినా."

చేట తీసుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. చెరుగుతూనే, "ఆదివారం వస్తా. దండకు గాదు" అంది.

ఆదివారం చలివేంద్రం ముందు కుర్చీలు వేశారు. ఫ్లెక్సీని గేటు దగ్గర నుంచి తెచ్చి పందిరి స్తంభాలకు కట్టారు. పళ్లెంలో దండ. ఓబులమ్మ నా పక్కన కూర్చుంది. అతను ఎంతమంది గొంతు తడిపాడో ముగ్గురు చెప్పారు. అది అబద్ధం కాదు. తర్వాత మైకు నాకిచ్చారు. రెండు మాటలు అడిగారు కాబట్టి రెండే చెప్పాను.

"ఆ రోజు కరెంటు మధ్యాహ్నం వస్తుందని అతనికి తెలుసు. ఆ సంగతి ఆ పిల్లకు అతనే చెప్పాడు, నీళ్ల సంగతి చెప్పలేదు."

కూర్చున్నాను. ఎవరో "అంటే ఏంది?" అన్నారు. పక్కవాడు మెల్లగా విడమరిచి చెప్పాడు. ఆ గొణుగుడు వరసల వెంట వెనక్కి పోవడం నాకు వినబడింది. పళ్లెం పట్టుకున్న ఆటో అతను దాన్ని కుర్చీ కింద పెట్టేశాడు.

మస్తాను వచ్చి ఓబులమ్మ ముందు కూలబడ్డాడు. "నాకు తెలీదమ్మా. ఈ మాట తెలీదు. ఈ పందిరి పీకేయమంటావా? కుండలు పగలగొట్టమంటావా?"

"కుండలేం జేసినాయి నాయనా నిన్ను?" అంది ఓబులమ్మ. లేచి పందిరి కిందికి పోయి పైకి చూసింది. పాత కప్పు చినిగి, చిల్లుల్లోంచి ఎండ నేరుగా కుండల మీద పడుతోంది. "పైన గుడ్డ చినిగిపాయ. నీళ్లు కాగిపోతాండాయి. ఆ ఫ్లెక్సీ దాని మీద పరవండి."

మస్తాను నిచ్చెన తెచ్చాడు. ఫ్లెక్సీ విప్పి, పైకెక్కి, "బొమ్మ లోపలికి తిప్పుతానమ్మా, కనపడకుండా" అన్నాడు.

"వొద్దు. మొగం పైకే పెట్టు. ఎండ ఆయప్పకు, నీడ మనుషులకు."

అలాగే పరిచి తాళ్లు బిగించారు. ఓబులమ్మ ఆ నీడలో కూర్చుంది. నీళ్లు తాగలేదు, నేనూ తాగలేదు. కొమరోలు బస్సు వచ్చింది. దిగినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఆమెను అక్కడ చూసి ఆగారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పందిరి కిందికి వచ్చారు. మస్తాను ముంతతో ముంచి గ్లాసుల్లో పోశాడు. ముందుగా ఎవరూ తాగి చూపలేదు. వాళ్లు అడగలేదు. గడగడా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని పోయారు.